తెర మీది మాయ - తెర వెనక శ్రమ

కొంతకాలంగా పెద్ద సినిమాల ప్రచారంలో ఒక మాట యోగ్యతాపత్రంలా చెలామణి అవుతోంది. తమ సినిమాలో గ్రాఫిక్స్ లేవనీ, ఉన్నా లేనంత తక్కువనీ, తెర మీద కనిపించేదంతా కెమెరా ముందు నిజంగా జరిగిందేననీ నిర్మాతలు చెప్పుకుంటున్నారు. అంతకుముందు ఇదే నోటితో గ్రాఫిక్స్ కోసం ఎన్ని కోట్లు ఖర్చు పెట్టిందీ చెప్పుకునేవారు. సరుకు అదే, మీద అంటించే చీటీ మారింది. వ్యాపారి మాట మారటంలో వింత లేదు. వింతల్లా ఆ మాటను సాహిత్య విద్యార్థులు, రచయితలు కూడా కళాసూత్రంగా స్వీకరించటం. చేత్తో చేసింది కళ, కంప్యూటరు చేసింది నకిలీ అని ఒక పక్షం. పాతవన్నీ దారాలు కనిపించే బొమ్మలాటలు, సినిమా ఇప్పుడే పెద్దదయింది అని ఇంకో పక్షం. రెండు పక్షాలవాళ్ళూ తెర మీద బొమ్మనే చూస్తున్నారు గాని, ఆ బొమ్మను ఎవరు, ఎట్లా, ఏ పరిస్థితుల్లో తయారుచేశారన్నది చూడటం లేదు.

నేను సినిమా సాంకేతిక నిపుణుణ్ణి కాను. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా వస్తువుకూ శిల్పానికీ శ్రమకూ ఉన్న సంబంధం సాహిత్యంలో ఎంత ముఖ్యమో సినిమాలోనూ అంతే ముఖ్యం కనక, ఈ వివాదాన్ని మొదటినుంచీ విడమరచి చూడటం అవసరమనిపించింది.

ట్రిక్కు ఎట్లా పుట్టింది?

కెమెరా తన ముందున్నదాన్ని ఉన్నట్టు పట్టుకుంటుంది. అది సాక్షి. అయితే సాక్షి ముందు ఏం పెట్టాలన్నది మన చేతిలో ఉంది. సాక్షి ఎప్పుడు కళ్ళు మూసుకోవాలన్నదీ మన చేతిలోనే ఉంది. ట్రిక్కుకు పునాది ఇదే. ఫ్రాన్సులో ఇంద్రజాల ప్రదర్శనలిచ్చే జార్జి మెలియెస్ ఈ రహస్యాన్ని తొలిరోజుల్లోనే పట్టుకున్నాడు. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్ళీ నడిపితే మనిషి మాయమవుతాడు. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు చిత్రిస్తే ఒకడు ఇద్దరవుతాడు. 1902లో ఆయన తీసిన చంద్రలోక యాత్ర ఇట్లాంటి ఉపాయాలతోనే ప్రపంచమంతా తిరిగింది.

ఆ సినిమా గురించి చెప్పేవాళ్ళు సాధారణంగా వదిలేసే సంగతొకటుంది. దాని కొన్ని ప్రతులు రంగుల్లో కూడా వచ్చాయి. ఆ రంగులు కెమెరావి కావు. పారిస్‌లో ఎలిజబెత్ త్యూయియే నడిపిన కార్ఖానాలో స్త్రీలు వరసగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు చొప్పున, ఫ్రేము తర్వాత ఫ్రేముకు కుంచెతో అద్దారు. మెలియెస్ పేరు చరిత్రలో నిలిచింది. ఆ స్త్రీల పేర్లు నిలవలేదు. సినిమా మాయకు ఎంత వయసో ఈ మరుపుకీ అంతే వయసు.

మనకు ఈ విద్య సినిమాతో వచ్చింది కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం, ఆ తర్వాత దాని శాఖలు, రంగస్థలం మీదే మనుషుల్ని గాలిలో ఎగరేశాయి, వాన కురిపించాయి, నిప్పు పుట్టించాయి. అక్కడ కెమెరా లేదు, ఆపి మళ్ళీ నడిపే వీలు లేదు. తాడు లాగేవాడి చెయ్యి ఒక్క క్షణం తప్పితే ఘటోత్కచుడు కింద పడతాడు.

1957 నాటి "మాయాబజార్" ఈ వారసత్వాన్ని కెమెరాకు అప్పగించింది. కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణం, గోఖలే కళాధర్‌ల కళా దర్శకత్వం కలిసి చేసిన పని అది. నౌకావిహారం పాటలో మనం ఈనాటికీ చెప్పుకునే వెన్నెల చంద్రుడు కాసింది కాదు, బార్‌ట్లీ సృష్టించింది. పెళ్ళివిందు ఆరగించే సన్నివేశంలో లడ్డూలు వాటంతటవే ఎస్.వి. రంగారావు నోట్లోకి దూకుతాయి. మా బడిపిల్లలకు ఇది ట్రిక్కని తెలుసు, అయినా ప్రతిసారీ నవ్వుతారు. నమ్మి నవ్వటం లేదు, తెలిసి నవ్వుతున్నారు. ఈ తేడాను మనం గుర్తుపెట్టుకోవాలి. మాయను ఆస్వాదించటానికి మోసపోవటం అవసరం కాదు.

ఈ పాత ఉపాయాలన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణముంది. అద్దం మీద గీసిన కోట, చిన్న కొలతలో కట్టిన నగరం, కీళ్ళున్న బొమ్మను ఫ్రేముకొకసారి కాస్త కదిలిస్తూ తీసిన "కింగ్ కాంగ్" (1933) అన్నీ పదార్థంతో చేసినవే. పదార్థానికి బరువుంటుంది, దాని మీద వెలుతురు తనంతట తాను పడుతుంది, అది చెప్పిన మాట వినదు. 1963 నాటి "జాసన్ అండ్ ది ఆర్గొనాట్స్"లో అస్థిపంజరాలు మనుషులతో కత్తియుద్ధం చేసే కొద్ది నిమిషాల ఘట్టానికి రే హారీహౌసెన్‌కు నాలుగు నెలలకు పైగా పట్టింది. ఆ బొమ్మల కదలికలో ఒక మనిషి వేళ్ళ ఓపిక కనిపిస్తుంది.

గ్రాఫిక్స్ అంటే మీట నొక్కటమా?

కంప్యూటరు బొమ్మ గీస్తుందనుకోవటం, కలం కథ రాస్తుందనుకోవటం లాంటిదే. ఒక పులిని సృష్టించాలంటే మొదట దాని ఆకారాన్ని వేలాది చిన్న పలకల వలగా అల్లాలి. లోపల ఎముకలు, కీళ్ళు అమర్చాలి. చర్మం, వెంట్రుకలు కప్పాలి. ఆ తర్వాత నటన నేర్పేవాడు ఏ కాలు ఎప్పుడు ఎత్తాలో, బరువు ఎటు వాలాలో ఫ్రేము ఫ్రేముకీ నిర్ణయించాలి. ఇంకొకరు దాని మీద వెలుతురు పెట్టాలి. అప్పుడు గాని యంత్రం లెక్కవెయ్యటం మొదలుపెట్టదు. ఆ లెక్క ఒక్కొక్క ఫ్రేముకు గంటల తరబడి సాగవచ్చు. చివరికి ఆ పులిని, విడిగా తీసిన నటుణ్ణి, సముద్రాన్ని, ఆకాశాన్ని అతుకు కనిపించకుండా ఒకటిగా కూర్చాలి.

ఇందులో అందరికన్నా అడుగున ఉండే పని మనిషి అంచు కత్తిరించటం. నటుడి వెనక దృశ్యాన్ని మార్చాలంటే అతని జుట్టు, వేళ్ళు, ఎగిరే పైట అన్నిటి అంచుల్నీ ఫ్రేము ఫ్రేముకీ గీసుకుంటూ పోవాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకన్ల దృశ్యానికి 120. రెండు గంటల సినిమాలో మొత్తం 1,72,800 ఫ్రేములుంటాయి. వేళ్ళాడే తీగల్ని చెరపటం, అంచులు గీయటం లాంటి ఈ ఓపిక పనిలో చాలా భాగం విదేశీ సినిమాల నుంచి కూడా హైదరాబాదు, చెన్నై, ముంబై, బెంగళూరు నగరాలకు వస్తుంది. కారణం మనవాళ్ళకు ప్రత్యేకమైన నేర్పుండటం ఒక్కటే కాదు, మనవాళ్ళ జీతం తక్కువ కావటం కూడా. త్యూయియే కార్ఖానాలో కుంచె పట్టిన స్త్రీకీ, ఈనాడు మాదాపూర్‌లో కంప్యూటరు ముందు అంచులు గీసే కుర్రవాడికీ పనిముట్టులో తేడా ఉంది గాని, పని స్వభావంలో ఎంత తేడా ఉందో పాఠకులే ఆలోచించాలి. "మాయాబజార్" 2010 జనవరిలో రంగుల్లో మళ్ళీ విడుదలయినప్పుడు ఆ రంగులద్దినవాళ్ళను మనలో ఎంతమంది తలుచుకున్నాం?

రెండు విద్యలు కలిసిన చోటు

1993లో వచ్చిన "జురాసిక్ పార్క్"ను అందరూ గ్రాఫిక్స్ యుగానికి తొలి మెట్టుగా చెబుతారు. అది నిజమే గాని పూర్తి నిజం కాదు. రెండు గంటలకు పైగా సాగే ఆ సినిమాలో రాకాసి బల్లులు కనిపించేది పావుగంటకు అటూ ఇటూ. అందులో కంప్యూటరు సృష్టించింది సగం కన్నా తక్కువ. మిగతాదంతా స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన యంత్రపు బొమ్మలు. వాన సన్నివేశంలో పెద్ద బొమ్మ చర్మం నీళ్ళు పీల్చి బరువెక్కి వణకటం మొదలుపెడితే, పనివాళ్ళు దాన్ని తుడిచి ఆరబెట్టుకుంటూ చిత్రీకరణ సాగించారు.

ఇంతకన్నా ఆలోచింపజేసే సంగతి ఫిల్ టిపెట్‌ది. బొమ్మల్ని ఫ్రేము ఫ్రేముకీ కదిలించే విద్యలో ఆయన పేరున్నవాడు. ముందు ఆ బల్లుల నడకలు ఆయన చెయ్యవలసినవి. కంప్యూటరు నమూనా చూశాక దర్శకుడు స్పీల్‌బర్గ్ మనసు మార్చుకున్నాడు. ఆ పద్ధతికి కాలం చెల్లింది. కాని ఆ విద్యకు చెల్లలేదు. జంతువు ఎట్లా నడుస్తుందో, బరువును ఎట్లా మోస్తుందో కంప్యూటరుకు తెలియదు. అది టిపెట్ బృందానికి తెలుసు. అందుకని కీళ్ళలో కొలిచే పరికరాలు అమర్చిన ఒక లోహపు బొమ్మను తయారుచేశారు. పాత చేతులు ఆ బొమ్మను పాత పద్ధతిలోనే కదిలిస్తే, ఆ కదలిక కంప్యూటరులోని బల్లికి చేరింది. చేతి విద్య చావలేదు, యంత్రంలోకి ప్రవేశించింది. "చెయ్యి కళ, కంప్యూటరు నకిలీ" అనే విభజన ఈ ఒక్క ఉదాహరణ ముందు నిలవదు.

నిజంగా తీస్తే నీతా?

కెమెరా ముందు నిజంగా జరిగిందన్న కారణంగా ఒక దృశ్యానికి నైతికమైన ఆధిక్యం అంటగట్టేవాళ్ళు కొంత చరిత్ర చదవాలి. 1936 నాటి "ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్" కోసం కాళ్ళకు తీగలు అడ్డంపెట్టి గుర్రాల్ని పడగొట్టారు. అనేక గుర్రాలు చచ్చిపోయాయి. 1939 నాటి "ది విజర్డ్ ఆఫ్ ఓజ్"లో రేకు మనిషి వేషానికి పూసిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి నటుడు బడ్డీ ఎబ్సెన్ ఆస్పత్రి పాలయ్యాడు. ఆ వేషం ఇంకొకరికిచ్చారు. అదే సినిమాలో మంత్రగత్తె వేసిన మార్గరెట్ హామిల్టన్ మంటల ట్రిక్కులో కాలిపోయి గాయపడింది.

1982 జులై 23 తెల్లవారుజామున "ట్విలైట్ జోన్" చిత్రీకరణలో పేలుడు ధాటికి హెలికాప్టరు కూలి నటుడు విక్ మారో, ఇద్దరు బాలనటులు చనిపోయారు. పిల్లల వయసు ఆరు, ఏడేళ్ళు. ఆ వేళలో పిల్లలతో పని చేయించకూడదన్న చట్టాన్ని తప్పించుకుని, అనుమతి లేకుండా వాళ్ళను తీసుకొచ్చారు. 1987లో తీర్పు వచ్చింది. నిందితులందరూ నిర్దోషులన్నారు. ఆ పేలుడు గ్రాఫిక్స్ కాదు, నూటికి నూరుపాళ్ళూ నిజం.

మన దేశంలో 2001 నాటి నిబంధనల తర్వాత సినిమాల్లో జంతువుల వాడకానికి ముందు అనుమతి కావాలి. ఎద్దో పులో కనిపించినప్పుడు తెర మూల "సి.జి.ఐ." అనే అక్షరాలు రావటం మనందరం చూస్తున్నదే. కొందరికి అది రసభంగం. నాకు మాత్రం అక్కడ ఒక ఎద్దు దెబ్బ తినలేదన్న వార్తలా కనిపిస్తుంది. తెరకు ఒక మూల మాయను మాయ అని ఒప్పుకున్నంత మాత్రాన కథ పాడయితే, ఆ కథలోనే బలం లేదన్నమాట.

అయితే గ్రాఫిక్స్ దెబ్బ ఎవరికి?

ఎద్దుకు దెబ్బ తగలలేదు. మరి ఎవరికి తగులుతోంది? "లైఫ్ ఆఫ్ పై" (2012) ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతుంది. పడవలో కుర్రవాడి ఎదురుగా కూర్చున్న పులి, నిజమైన పులుల్ని తీసిన కొద్ది దృశ్యాలు తప్పిస్తే, రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ కళాకారుల సృష్టి. అమెరికా సంస్థ అయినా దానికి హైదరాబాదులో, ముంబైలో కార్యాలయాలుండేవి. మనవాళ్ళ చేతులు కూడా ఆ పులి మీద పనిచేశాయి. 2013 ఫిబ్రవరి 24న ఆ పనికి ఆస్కార్ బహుమతి వచ్చింది. అంతకు రెండు వారాల ముందే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. లోపల బహుమతులు పంచుతుంటే బయట వందలాది గ్రాఫిక్స్ పనివాళ్ళు నిరసన ప్రదర్శన చేశారు. బహుమతి అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ వేదిక మీద తమ సంస్థ కష్టాల గురించి ఎత్తుకోగానే, చాలించమనే సంగీతం మోగించి ఆయన మాటను ముంచేశారు.

కోట్లు ఆర్జించిన సినిమాకు పని చేసిన సంస్థ ఎందుకు దివాలా తీసింది? గ్రాఫిక్స్ సంస్థలు మొత్తం పనికి ముందే ఒక ధర కోట్ చేస్తాయి. దర్శకుడు పది సార్లు మార్పులడిగినా ఆ ధర సాధారణంగా మారదు. పెరిగిన పని భారం సంస్థ మీద, అక్కణ్ణుంచి రాత్రింబవళ్ళు కూర్చునే పనివాడి మీద పడుతుంది. లాభంలో వాటా లేదు. పైగా ఏ దేశ ప్రభుత్వం ఎక్కువ రాయితీ ఇస్తే పని ఆ దేశానికి తరలిపోతుంది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబైలలో వేలాదిమంది ఉపాధి ఒక్కసారిగా ప్రశ్నార్థకమయింది. 2023 సెప్టెంబరులో మార్వెల్ స్టూడియో గ్రాఫిక్స్ కార్మికులు ఏకగ్రీవంగా యూనియన్‌కు ఓటు వేశారంటే, అది ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవలసిన సంగతి.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రచారానికి రండి. 2022 నాటి "టాప్ గన్: మావెరిక్" నటుల్ని నిజమైన యుద్ధవిమానాల్లో కూర్చోబెట్టి తీశారన్నది నిజం. అదే ప్రచారంలో మోగింది. కాని ఆ సినిమాలో 2,400కు పైగా గ్రాఫిక్స్ దృశ్యాలున్నాయి. ఒక విమానాన్ని నిజంగా ఎగరేసి, దాని మీద వేరే విమానాన్ని కంప్యూటరులో తొడిగిన సందర్భాలున్నాయి. అంటే పైలట్ శ్రమ ప్రకటనగా మారింది, చిత్రకారుడి శ్రమ దాపరికంగా మారింది. "గ్రాఫిక్స్ లేవు" అనే మాటకు ఆచరణలో అర్థం, "గ్రాఫిక్స్ చేసినవాళ్ళు లేరు" అని.

జనం ఎక్కడ?

శిల్పం విషయానికొస్తే నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది జనసమూహం. 1982లో వచ్చిన "గాంధీ" సినిమా అంతిమయాత్ర దృశ్యంలో దాదాపు మూడు లక్షల మంది నిజంగా నిలబడ్డారు. ఇరవై ఏళ్ళ తర్వాత "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" చిత్రాల కోసం మాసివ్ అనే ప్రోగ్రామును తయారుచేసి వేలాది సైనికుల్ని కంప్యూటరులో పుట్టించారు. కల్పిత లోకపు యుద్ధానికి అది సబబే. ఎవరూ చావకూడదు, ఎవరూ గాయపడకూడదు. కాని ఆ పద్ధతి అలవాటయ్యాక, మనుషుల కథల్లో కూడా జనమంటే నాయకుడి వెనక నింపే గుంపుగా మారిపోయింది. నిజమైన గుంపులో ఒకడు దగ్గుతాడు, ఒకామె చంకలో బిడ్డను సవరించుకుంటుంది, ఒకడు కెమెరా వైపు చూస్తాడు. లెక్కలో పుట్టిన గుంపుకు ఆ అక్కర్లేని కదలిక ఉండదు. జనాన్ని వ్యక్తులుగా చూడగలిగేది ఆ అక్కర్లేని కదలికలోనే.

2023లో హాలీవుడ్ నటులు చేసిన సమ్మెలో ఒక ముఖ్యాంశం ఇదే. గుంపులో నిలబడే నటుడి శరీరాన్ని ఒకసారి యంత్రంతో కొలిచి దాచుకుని, తర్వాత అతణ్ణి పిలవకుండానే వాడుకోవచ్చా అన్న ప్రశ్న. అనుమతి, ప్రతిఫలం లేకుండా వీల్లేదన్న షరతును వాళ్ళు ఒప్పందంలో సాధించుకున్నారు. శిల్పంలో ప్రశ్న అనుకున్నది కూలి ప్రశ్నగా తేలింది.

రచయితకు పాఠం

ఇందులో రచయితకు ఏముందని అడగవచ్చు. నిర్బంధానికీ కళకూ ఉన్న సంబంధం ఉంది. 1975 నాటి "జాస్"లో యంత్రపు సొరచేప సముద్రపు ఉప్పునీళ్ళలో పదేపదే పాడయింది. గత్యంతరం లేక స్పీల్‌బర్గ్ దాన్ని చూపించటం తగ్గించాడు. నీటి మీది కదలికతో, సంగీతంతో భయం పుట్టించాడు. సినిమా అందువల్లే బలపడింది. పదార్థం ఎదురుతిరిగింది కనక కళాకారుడు ఎంచుకోవలసి వచ్చింది.

మన కవిత్వంలో యతిప్రాసలు చేసిన పని అదే. ఆ నిర్బంధంలో కవి మాట కోసం వెతికాడు. ఒకోసారి పాదపూరణ పదం దొరికింది, ఒకోసారి అతనికే తెలియని మంచి మాట దొరికింది. వచన కవిత ఆ సంకెల తెంచింది, తెంచవలసిందే. కాని దాంతో ఎంచుకునే బాధ్యత ఛందస్సు నుంచి కవి లోపలికి మారింది. బాధ్యత తీసుకున్నవాళ్ళ చేతిలో వచన కవిత నిలబడింది, తీసుకోనివాళ్ళ చేతిలో ముక్కలు చేసిన వచనంగా మిగిలింది. గ్రాఫిక్స్ సినిమాకు వచ్చిన వచన కవిత. దేన్నయినా చూపించవచ్చు. అందుకే ఏది చూపించకూడదో తెలిసుండాలి.

తెలిసినవాళ్ళున్నారు. 2012లో వచ్చిన "ఈగ"లో నాయకుడు పూర్తిగా గ్రాఫిక్స్. దానికి మనిషి ముఖం లేదు, మాట లేదు. ప్రతినాయకుడు సుదీప్ చాలాచోట్ల ఖాళీ గాలికి ఎదురుగా, ఏకపాత్రాభినయం చేసినట్టు నటించాడు. అయినా ప్రేక్షకుడు ఈగ పక్షం వహిస్తాడు. ఎందుకంటే అక్కడ మాయ పరిమాణం చూపించుకోవటానికి లేదు. అల్పప్రాణి బలవంతుడి మీద ఎట్లా గెలుస్తుందన్న వస్తువులోంచే ప్రతి కదలికా పుట్టింది. కోటను ఇంకా ఎత్తుగా, సైన్యాన్ని ఇంకా పెద్దగా చెయ్యటమే పనిగా పెట్టుకున్న సినిమాలకూ దీనికీ తేడా ఖర్చులో లేదు. విశేషణాల మీద విశేషణాలు పేర్చే వచనానికీ, ఒక్క క్రియతో మనిషిని నిలబెట్టే వచనానికీ ఉన్న తేడా అది.

కనక ఒక సినిమా మాయను తూచేటప్పుడు, చేతిదా యంత్రానిదా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకూడదు. ఈ మాయ కథకు అవసరమా, కథ లేని చోట నింపుడా? దీన్ని చెయ్యటంలో ఎవరి ప్రాణం, ఎవరి నిద్ర, ఎవరి కూలి ఖర్చయ్యాయి? ఖర్చయినవాళ్ళ పేర్లు తెర మీద ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నలూ కలిపి వేసినప్పుడే అది సినిమా విమర్శ అవుతుంది. సినిమా అయిపోయాక పేర్లు వస్తుండగానే హాల్లో దీపాలు వెలుగుతాయి, మనం లేచిపోతాం. ఆ పేర్లలో అంచులు గీసినవాడిది ఉంటే చిట్టచివర, చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలాసార్లు అదీ ఉండదు. సాహిత్య విద్యార్థులు ఇకమీదట ఆ రెండు నిమిషాలు కూర్చుని చదవటంతో మొదలుపెట్టవచ్చు.